పెట్టెలక్క గని దిగిన వైనం

మంగళవారం పొద్దున పదిన్నరకు గోడౌను ముందు రెండు లారీలు ఆగాయి. వెనకే వచ్చిన జీపులోంచి అప్పగింతల ఆఫీసరు దిగాడు. గని మూతపడి అప్పటికి రెండేళ్ళు. పట్టాలు, మోటార్లు, బీరువాలు, చివరికి ఆఫీసు గుమ్మాల తలుపులతో సహా అన్నీ పాత సామాను కింద వెళ్ళిపోయాయి. మిగిలింది ఆ రేకుల గోడౌను, అందులో పదకొండు వేల చెక్కపెట్టెల నిండా రాళ్ళు. ఆ రాళ్ళను కొత్త రోడ్డు అడుగున పరవడానికి ఇచ్చేశారనీ, స్థలం వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోయిందనీ, తాళంచెవి ఇమ్మనీ ఆఫీసరు చెప్పాడు.

తాళంచెవి పెట్టెలక్క మెడలో తాడుకు వేలాడుతోంది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, "ఇవ్వను సార్," అంది.

ఆఫీసరు మర్యాదస్తుడు. ఆమెకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఇంకోసారి నెమ్మదిగా చెప్పాడు. ఆమె కూడా ఇంకోసారి నెమ్మదిగా అదే మాట చెప్పింది. ఒక పెట్టె బోర్లించి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

ఆమెకప్పుడు యాభై ఆరేళ్ళు. ఊళ్ళో అందరూ పెట్టెలక్క అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ గోడౌనులోనే పని చేసింది. బంగారు గని అనగానే అందరికీ గుర్తొచ్చేది భూమి కింద తవ్వేవాళ్ళు. కానీ ఎక్కడ తవ్వాలో ముందు తెలియాలి కదా. దానికోసం బోరు మిషన్ పెట్టి, లోపలి రాయిని మణికట్టంత లావు గుండ్రటి కడ్డీలుగా పైకి తీస్తారు. ఆ కడ్డీలను కడిగి, ఏ లోతులోది ఏదో తారుమారు కాకుండా గాడులున్న పెట్టెల్లో వరుసగా పేర్చి, ఆ తర్వాత ఒక్కో ముక్కనూ నిలువునా రెండుగా చీల్చడం ఆమె పని. ఒక సగం పరీక్షశాలకు వెళ్తుంది. అక్కడ దాన్ని పొడి కొట్టి, కరిగించి, బంగారం ఎంతుందో చూస్తారు. రెండో సగం పెట్టెలోనే ఉంటుంది. ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా తీసి చూసుకోవడానికి.

మొదటి రెండేళ్ళూ ఆమె కడగడం తప్ప ఇంకేమీ చేయలేదు. కానీ కడిగే చెయ్యికి తెలిసినంత బాగా రాయి ఇంకెవరికీ తెలియదు. నల్లరాయి తడిస్తే మరింత నల్లబడుతుంది, పొరలరాయి గోటికి పొట్టులా లేస్తుంది, పలుగురాయి ఎంత కడిగినా చల్లగానే ఉంటుంది. పాలలా తెల్లటి పలుగురాయిలో ఏమీ ఉండదనీ, పొగచూరినట్టుండి సన్నటి నల్లగీతలు పడ్డ దాన్ని జాగ్రత్తగా చూడాలనీ ఆమెకు అలా పట్టుబడింది. ఎండలో తళతళలాడి నీడలోకి తేగానే చచ్చిపోయే మెరుపు బంగారం కాదు. నీడలోనూ అదే పచ్చదనంతో ఉండేదే బంగారం. ఆమె చూపించేదాకా కొత్తగా ఉద్యోగంలో చేరిన పట్టభద్రులు కూడా ఆ తేడా పట్టుకోలేక తలలు గోక్కునేవారు.

ఇంత తెలిసిన మనిషి ఆ రాళ్ళు పుట్టిన చోటును ఒక్కసారి కూడా చూడలేదు. ఆడవాళ్ళు గనిలోకి దిగకూడదని రూలు. చేరిన నాలుగో ఏట ధైర్యం చేసి మేనేజరును అడిగింది, ఒక్కసారి కిందికి వెళ్ళి చూసొస్తానని. ఆయన పకపకా నవ్వాడు. అంతటితో ఊరుకోకుండా పదిమందికీ చెప్పి నవ్వించాడు. సాయంత్రానికి ఆ మాట ఆమె భర్త చెవిన పడింది.

ఆయన గనిలోనే పని చేసేవాడు. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆడమనిషి అడుగు పెడితే బంగారం లోపలికి జారిపోతుందని అక్కడి మగవాళ్ళ నమ్మకం. ఆయనకూ ఆ నమ్మకం ఉంది. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "నా తలెక్కడ పెట్టుకోమంటావే?" అన్నాడు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మళ్ళీ ఎవరినీ అడగలేదు. అడగడం మానింది గానీ అనుకోవడం మానలేదు.

తొమ్మిదో ఏట ఒక సంగతి జరిగింది. ఉత్తరపు దిబ్బ మీద వేసిన నూట నలభై రెండో బోరు పెట్టెల్లో రాయికి బదులు ఒక చెక్కబిళ్ళ కనిపించింది. దాని మీద బోరు మేస్త్రీ పెన్సిలుతో రాశాడు: ఖాళీ, యాభై రెండు నుంచి యాభై నాలుగు మీటర్ల దాకా. అంటే అక్కడ మిషన్‌కు రాయే తగల్లేదు. ఆ పక్క ముక్కకు అంటిన బురదలో నల్లటి పలుకులు ఉన్నాయి. వేలితో నలిపింది. బొగ్గు. యాభై మీటర్ల లోతులో, కంపెనీ ఎన్నడూ తవ్వని చోట, కట్టెల బొగ్గు.

మేస్త్రీని అడిగితే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. అది పాతవాళ్ళు తవ్విన బొరియ అయి ఉంటుందనీ, అలాంటివి అక్కడక్కడా తగులుతూనే ఉంటాయనీ చెప్పాడు. పై ఆఫీసుకు చెబితే, బొగ్గు పారేసి, ఆ వరుసలో 'రాయి దక్కలేదు' అని రాసుకోమన్నారు. ఎందుకంటే గేటు దగ్గర నిలబెట్టిన పలక మీద, ఈ నేలలో బంగారాన్ని మొట్టమొదట కనిపెట్టింది కంపెనీ పెట్టిన దొరగారేనని చెక్కి ఉంది. ఏటా ఆ పలకకు దండ వేస్తారు.

ఆమె బొగ్గు పారేయలేదు. మందుసీసాలో పోసి మూత బిగించి, అదే పెట్టెలో పెట్టింది. అప్పటి నుంచి 'ఖాళీ' అన్న బిళ్ళ ఎక్కడ కనిపించినా ఆ పెట్టె మూలన సున్నంతో ఒక చుక్క పెట్టేది. ఇరవై ఏళ్ళలో మూడు వందల పైచిలుకు పెట్టెల మీద చుక్కలు పడ్డాయి.

గోడౌను తలుపు దగ్గర మొదటి రోజు ఆమె ఒక్కతే కూర్చుంది. మధ్యాహ్నానికి లారీలు వెళ్ళిపోయాయి. మర్నాడు ఆమెతో కలిసి రాళ్ళు కడిగిన ఆడవాళ్ళు ఏడుగురు అన్నం డబ్బాలతో వచ్చి పక్కన కూర్చున్నారు. ఆఫీసరు రోజూ వచ్చాడు. బతిమాలాడు, కాగితాలు చూపించాడు, ఒకరోజు పోలీసును వెంటబెట్టుకొచ్చాడు. పోలీసు తండ్రి గనిలో పనిచేసినవాడే. అతను కాసేపు నిలబడి, తాగడానికి నీళ్ళడిగి, తాగి వెళ్ళిపోయాడు. ఈ రాళ్ళతో నీకేం పనమ్మా అని ఆఫీసరు విసుక్కుంటే ఆమె, "సగం కరిగించేశారు సార్. ఈ సగం కూడా రోడ్డు కింద పెడితే, ఇక్కడేం ఉండేదో రేపెవరు చెప్తారు? మీరు చెప్తారా?" అంది.

పదకొండో రోజు ఆయన ఒక రాజీ తెచ్చాడు. పాత టైము ఆఫీసు గది ఒకటి ఖాళీగా ఉంది. అందులో పట్టినన్ని పెట్టెలు ఉంచుకోవచ్చు. మిగిలినవి వెళ్ళిపోతాయి. ఎంచుకోవడానికి మూడు రోజులు గడువు.

ఆమె గదిని అడుగులతో కొలిచింది. మూడు వందల ఇరవై పడతాయి. పదకొండు వేలలో మూడు వందల ఇరవై. పేరుపేరునా తెలిసిన రాళ్ళు. ఏ కడ్డీ తన చేతిలో విరిగిందో, ఏది కడుగుతుంటే పెద్దకూతురికి జ్వరమని కబురొచ్చిందో అన్నీ గుర్తే. ఎవరడిగినా చెప్పకుండా, మర్నాడు పొద్దున్నే సున్నం చుక్కలున్న పెట్టెలు ఒక్కొక్కటే మోయించడం మొదలుపెట్టింది.

ఊరంతా ముక్కున వేలేసుకుంది. కంటికి బంగారం కనపడే పెట్టెలు పది పన్నెండు ఉన్నాయి గోడౌనులో. పెద్దవాళ్ళెవరు వచ్చినా చూపించేవి అవే. వాటిని వదిలేసింది. ఆమె భర్త చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇరవై తొమ్మిదేళ్ళు బంగారు గనిలో చేసి చివరికి గాలి ఇంటికి తెచ్చుకుంటోందని నలుగురిలో నవ్వాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. నిజంగా అర్థంకాక అడిగాడు, "బంగారం ఉన్నవి వదిలేసి ఖాళీవి ఎందుకమ్మా?"

"బంగారం ఎంతుందో మీ పుస్తకాల్లో రాసుకున్నారు సార్. వీటి సంగతే ఎక్కడా రాయలేదు."

మిగిలిన పెట్టెలను లారీల్లోకి గుమ్మరిస్తుంటే ఆమె అక్కడే నిలబడి చూసింది. చూడొద్దు, ఇంటికి పోదాం రమ్మని ఆడవాళ్ళు చెయ్యి పట్టుకు లాగినా కదల్లేదు. నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ నిలబడింది.

తర్వాతి ఏడాది ఒక యూనివర్సిటీ నుంచి భూగర్భ శాస్త్రం చదివిన ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మూతపడ్డ గనుల చరిత్ర రాయడం ఆమె పని. ఊళ్ళో అందరూ ఆమెను మేడమ్ అన్నారు. సగం దేశం తిరిగినా పెట్టెలు దొరికిన గని ఇదొక్కటేనట. గదిలో రెండు రోజులు కూర్చుని చూసింది. మూడోరోజు పెద్ద కాగితం పరిచి, పెట్టెలక్క ఒక్కో బోరు నెంబరూ లోతూ చెబుతుంటే ఒక్కో చుక్క పెట్టింది. మూడు వందల ఇరవై చుక్కలు పెట్టేసరికి సాయంత్రమైంది. చుక్కలన్నీ ఒక మూల నుంచి ఇంకో మూలకు, పైనుంచి కిందికి ఏటవాలుగా, గీత గీసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. పలుగురాయి నేలలో ఎలా వాలి ఉందో అదే వాలు.

మేడమ్ చుక్కల వెంట వేలు జరుపుతూ, పాతవాళ్ళు గుడ్డిగా తవ్వలేదనీ, రాయిని చదువుకుంటూ దిగారనీ, కంపెనీ మొదటి బావి కూడా సరిగ్గా పాతవాళ్ళ గుంటలోనే మొదలైందనీ అంది. పెట్టెలక్కకు ఇది కొత్త కాదు. కాకపోతే ఇంకొక మనిషి నోట వినడం మొదటిసారి.

వరుస పైకొస వెళ్ళి తగిలేది ఉత్తరపు దిబ్బ వెనక, ముళ్ళకంపలు మూసేసిన ఒక రాతిసందుకు. అందులోంచి లోపలికి నడిచి దిగవచ్చేమో చూడాలని మేడమ్ అనుమతి అడిగింది. అనుమతి ఇవ్వాల్సింది అదే ఆఫీసరు. కాగితంలో పెట్టెలక్క పేరు చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. పరిశోధన కాబట్టి మేడమ్‌కు మినహాయింపు ఉందనీ, గని రూలు ప్రకారం మిగతా ఆడవాళ్ళు కిందికి దిగకూడదనీ చెప్పాడు.

పెట్టెలక్క కిటికీలోంచి బయటికి చూపించింది. గేటుకు కట్టిన రేకు మీద ఎర్రరంగుతో 'గని శాశ్వతంగా మూసివేయబడినది' అని రాసి ఉంది.

"అది రాయించింది మీరే కదా సార్. గనే లేదన్నారు. లేని గనికి రూలెక్కడిది?"

ఆఫీసరు కలం తీసి సంతకం పెట్టాడు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. భర్త ఈసారి మూడు రోజులు మాట్లాడలేదు. ముందు ఆమె అది పాత కోపమే అనుకుంది. నాలుగో రోజు ఆయన వంటింట్లోకి వచ్చి, గిన్నెలన్నీ బోర్లించమన్నాడు. అందులో ఒకటి అడుగు చిట్లినది. గరిటె కాడతో ఒక్కో గిన్నె మీదా కొట్టి వినమన్నాడు. బాగున్నవి ఖంగున మోగాయి. చిట్లింది మొద్దుగా, చచ్చినట్టు పలికింది.

"పైకప్పు కూడా అంతే. అడుగు వెయ్యబోయే ముందు కర్రతో కొట్టు. మోగితే వెళ్ళు. ఇలా పలికితే వెనక్కి వచ్చేయ్, ముందు ఎవరున్నా సరే," అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుని ఏ చప్పుడు ఏ గిన్నెదో చెప్పేదాకా వదల్లేదు. గిన్నె మార్చి, చోటు మార్చి గంటసేపు పరీక్ష పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. బంగారం జారిపోతుందన్న మాట ఆయన ఎత్తలేదు. ఆమే ఎత్తింది. జారిపోవడానికి ఇప్పుడేం మిగిలిందిలే అని ఆయన గొణిగాడు. వెళ్ళేటప్పుడు తన పాత టోపీ ఆమె తలకు పెట్టి, పట్టీ తనే బిగించాడు.

ముళ్ళకంపలు కొట్టించి, గాలి చూసే మిషన్ ముందు పెట్టుకుని, నడుములకు తాళ్ళు కట్టుకుని దిగారు. ముందు మేడమ్, వెనక పెట్టెలక్క, ఆ వెనక తాళ్ళు చూసే మనుషులు ఇద్దరు. పది మీటర్లు వంగి నడిచారు. దారి కిందికి వాలింది. పెట్టెలక్క కర్రతో పైన కొడుతూ వెళ్ళింది. అంతా ఖంగుమంటోంది.

గోడలు ఆమె అనుకున్నట్టు లేవు. కంపెనీ వాళ్ళ సొరంగాలు ఎలా ఉంటాయో భర్త చెప్పగా విన్నది, మందుగుండుతో పేల్చినవి, కోసుకుపోయే అంచులతో. ఇవి అలా కాదు. అరచేతితో నిమిరినట్టు నున్నగా, గుంటలు గుంటలుగా ఉన్నాయి. గోడకు కట్టెలు పేర్చి మంట పెట్టి, రాయి బాగా కాలాక నీళ్ళు కొడితే అది పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చులు లాగేసి మళ్ళీ మంట. అలా జానెడు జానెడుగా వెళ్ళారు పాతవాళ్ళు. గోడలో మోచేతి ఎత్తున చిన్న గూళ్ళు తొలిచి ఉన్నాయి. పైన నల్లటి మసి. దీపాలు పెట్టుకున్న గూళ్ళు. ఎడం పక్కన పలుగురాయి, మూరెడు వెడల్పున, పొగచూరిన రంగులో సాగిపోతోంది. దాని పక్కనే నల్లరాయి. పెట్టెల్లో జానెడు ముక్కలుగా చూసినవి ఇక్కడ నిండుగా, తెగకుండా నిలబడి ఉన్నాయి.

పెట్టెలక్క చేతి తొడుగు తీసి గోడ మీద చెయ్యి వేసింది. మేడమ్ వెనక్కి తిరిగి బాగానే ఉన్నావా అక్కా అని అడిగింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఎవరో చూసొచ్చి చెప్పిన ఇంటిని ఇప్పుడు చూస్తున్నానంది పెట్టెలక్క. ఏడవలేదు. కోపం వచ్చిందని ఆ తర్వాత భర్తతో చెప్పింది. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు ఆపారే అని.

నలభై మీటర్ల లోతులో నీళ్ళు అడ్డం వచ్చాయి. అక్కడితో వెనుదిరిగారు.

రెండు నెలలకు మేడమ్ రాసిన నివేదిక వచ్చింది. చిన్నకూతురు చదివి వినిపించింది. పాతవాళ్ళు కంపెనీ కంటే కొన్ని వందల ఏళ్ళ ముందే ఇక్కడ తవ్వారని అందులో స్పష్టంగా ఉంది. ఇంట్లో అందరూ సంబరపడుతుంటే పెట్టెలక్క ఒక్క వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది. నలభై మీటర్ల దగ్గర నీళ్ళు ఊరడంతో, తోడే దారిలేక వాళ్ళు పని మానుకున్నారని రాసి ఉంది.

ఇది తప్పు అంది. ఫోను కలపమంది.

"మేడమ్, నూట నలభై రెండో బోరులో బొగ్గు వచ్చింది యాభై రెండు మీటర్ల దగ్గర. నీళ్ళలో మంటెలా పెడతారు?"

బొగ్గు తేలికైనది కాబట్టి పైనుంచి కొట్టుకుపోయి అడుగున చేరి ఉండొచ్చని మేడమ్ వివరించింది. పెట్టెలక్క ఒప్పుకోలేదు. ఆ బోరులో యాభై నాలుగు దాకా రాయి తుప్పురంగులో ఉందనీ, నీళ్ళలో మునిగి ఉన్న రాయికి ఆ రంగు పట్టదనీ, అంటే ఒకప్పుడు నీటిమట్టం ఇంకా కిందుండేదనీ చెప్పింది. నివేదిక అచ్చుకు వెళ్ళిపోయిందని మేడమ్ మెల్లగా అంది.

"కంపెనీ వాళ్ళు రాసింది తప్పని మనం వెళ్ళాం. మళ్ళీ మనం తప్పు రాస్తే ఎట్లా అమ్మాయ్?"

మేడమ్‌కు ఆ మాట గుచ్చుకుంది. వారంపాటు ఫోను చేయలేదు. ఆ పొత్తు అక్కడితో చెడిందనే పెట్టెలక్క అనుకుంది. అయినా అన్నదానికి బాధపడలేదు. కానీ ఏడాది తిరిగేసరికి మేడమ్ ఒక పంపు సంపాదించి తెచ్చింది. తొమ్మిది రోజులు నీళ్ళు తోడారు. ఈసారి కప్పు చూసేవాడు అనుభవజ్ఞుడై ఉండాలని ఆఫీసరు షరతు పెట్టడంతో పెట్టెలక్క భర్తనే పిలిచారు. ఆయన టోపీ ఆమె దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఆయనకు కొత్తది ఇచ్చారు. తలకు పట్టడంలేదని దారంతా సణిగాడు.

నీళ్ళు దిగిన చోట గోడలు బురదతో కప్పి ఉన్నాయి. పెట్టెలక్క బకెట్టు, కుంచె అడిగింది. నలభై ఐదు మీటర్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గోడ కడిగింది. అది ఆమెకు వచ్చిన పనే. బురద కారిపోయి లోపలి రాయి బయటపడింది. నున్నగా, గుంటలుగా, మంటకు ఊడినట్టే ఉంది. గూడు కూడా ఉంది. మేడమ్ లైటు దగ్గరికి పెట్టి చూసి, "నీదే రైటు అక్కా," అంది.

మరి ఎందుకు ఆగారు? ఆ జవాబు యాభై నాలుగో మీటరు దగ్గర దొరికింది. అక్కడ పలుగురాయి కత్తితో కోసినట్టు తెగిపోయింది. దానికి అడ్డంగా వేరే రకం నల్లరాయి, గట్టిది, గోడ కట్టినట్టు నిలబడి ఉంది. ఎప్పుడో భూమి లోపల నుంచి కరిగి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన రాయి. అందులో బంగారం ఉండదు. మంటకూ సరిగ్గా లొంగదు. అయినా వాళ్ళు దానిలోకి కూడా వెళ్ళారు. నాలుగు మీటర్ల దాకా, మనిషి పాకేంత సన్నటి బొరియ. ఒక్క తెల్లగీత కూడా తగలని రాయిలో, జానెడు జానెడుగా నాలుగు మీటర్లు.

నూట యాభయ్యో బోరు పెట్టెలక్కకు కంఠతా వచ్చు. ఆ గట్టిరాయి అవతల పలుగురాయి మళ్ళీ మొదలవుతుంది. ఎంత దూరమని భర్త అడిగాడు.

"వాళ్ళు ఆగిన చోటి నుంచి పద్నాలుగు మీటర్లు," అంది.

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని ఆ బొరియలోకి వంగి చూశాడు. ముప్ఫై ఏళ్ళు గనిలో చేసినవాడు. ఎంత కష్టమో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. ఎన్నాళ్ళు పట్టి ఉంటుంది అన్నాడు. రెండు మూడేళ్ళు అంది మేడమ్. ఏమీ దొరక్కుండా రెండు మూడేళ్ళా అని ఆయన మళ్ళీ అడిగాడు. పెట్టెలక్క బొరియ కొసదాకా పాకుతూ వెళ్ళి, చివరి రాయి కడిగి, కొలత చెప్పింది. మేడమ్ రాసుకుంది.

నివేదిక రెండోసారి అచ్చయింది. మొదటి దానిలో ఏది తప్పో, దాన్ని దిద్దింది ఎవరో అందులో పేరుతో సహా ఉంది. పంపు తీసేశాక నీళ్ళు మళ్ళీ నలభై మీటర్ల దాకా ఊరాయి. గేటు దగ్గరి పలక మార్చమని పెట్టెలక్క పెట్టుకున్న అర్జీకి, పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. ఆమె మూడు నెలలకొకటి చొప్పున అర్జీ పెడుతూనే ఉంది. ఇప్పటికి ఏడు అయ్యాయి. ఎనిమిదోది రాయించడానికి నిన్ననే చిన్నకూతురిని కూర్చోబెట్టింది. ఈసారి కొంచెం గట్టిగా రాయమంది.